చుట్టరికం ఎల్ల దాటుతుంది.. తుపాకి దాటదు!

* పక్క రాష్ట్రంలో పిస్టల్ కొనాలంటే ముందు సొంత జిల్లా అనుమతి
* బావమరిదికి ఒక్క రాత్రి ఇచ్చినా చట్టం లెక్కలో 'బదిలీ'యే
* తాత పోయాక అటక మీద మిగిలిన 12 బోరు.. వారసులకు జైలు ముప్పు

హోసూరు సంతలో కొన్న ఎద్దులు కుప్పం పొలాల్లో దుక్కి దున్నుతాయి. బళ్లారి ఆడపడుచు రాయదుర్గం కోడలవుతుంది. సిరోంచ రైతు గోదావరి వంతెన దాటి కాళేశ్వరంలో మొక్కు తీర్చుకుని పొద్దుగూకేలోగా ఇల్లు చేరతాడు. బరంపురంలో దుకాణం, ఇచ్ఛాపురంలో ఇల్లు ఉన్న కుటుంబాలకు లెక్కలేదు. వీటిలో దేనికీ ఎవరూ కాగితం అడగరు. అందుకే సరిహద్దు ఊళ్లలో ఎల్ల అంటే ఓ రాయి, ఓ చెక్‌పోస్టు, బస్సులో మారే టికెట్ రంగు. అంతే!

ఇంట్లో లైసెన్సు తుపాకి ఉన్నవాళ్లకు మాత్రం ఆ రాయి చాలా పెద్దది. పొలం ఇటు, ఇల్లు అటు ఉన్న రైతు లైసెన్సు తుపాకితో చేను కాపలాకు వెళ్లి నేరస్తుడు కావచ్చు. పక్క రాష్ట్రంలో ధర తక్కువని, రకం బాగుందని పిస్టల్ కొని కారులో వేసుకొచ్చిన వ్యాపారి చెక్‌పోస్టు దగ్గర చిక్కుకోవచ్చు. తెలియక చేశామంటే కేసు ఆగదు. ఎల్లకు అటూ ఇటూ బతుకుతున్న తెలుగు కుటుంబాలు తెలుసుకోవాల్సిన సంగతులివి..

చట్టం ఒక్కటే.. సంతకం వేరు

ఆయుధాల విషయంలో కర్ణాటకకు ఓ చట్టం, తమిళనాడుకు ఇంకో చట్టం ఉంటాయని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. ఆయుధాలు రాజ్యాంగంలోని కేంద్ర జాబితాలో ఉన్నాయి. దేశమంతటికీ 1959 నాటి ఆయుధాల చట్టమే వర్తిస్తుంది. దాని కింద 1962లో వచ్చిన నియమాల స్థానంలో 2016లో కొత్త నియమాలు వచ్చాయి. చట్టాన్ని 2019లో సవరించి శిక్షలు పెంచారు.

'చట్టం కేంద్రానిది కాబట్టి లైసెన్సు ఎక్కడైనా చెల్లుతుంది' అనుకోవడం దానికి ఎదురు పొరపాటు. చట్టం దేశానిదే అయినా లైసెన్సు మీద సంతకం జిల్లాది. ఆంధ్ర, తెలంగాణల్లో కలెక్టరు, కర్ణాటకలో డీసీ, మహారాష్ట్రలో జిల్లాధికారి, పెద్ద నగరాల్లో పోలీసు కమిషనరు.. ఇలా పేర్లు వేరైనా లైసెన్సు ఇచ్చేది వాళ్లే. ఆ లైసెన్సు ఏ ప్రాంతంలో చెల్లుతుందో పుస్తకంలోనే రాసి ఉంటుంది. ఒక జిల్లా కావచ్చు, రాష్ట్రం మొత్తం కావచ్చు, దేశమంతా కావచ్చు. దేశమంతటా చెల్లే లైసెన్సు అడిగిన ప్రతివారికీ రాదు. ఎంపీలు, సైన్యంలో పనిచేసేవారు, దేశంలో ఎక్కడికైనా బదిలీ అయ్యే అధికారులు, షూటింగ్ క్రీడాకారులు వంటి వారికి ఇచ్చే వీలుంది. మామూలు రైతుకు, వ్యాపారికి జిల్లాకో, రాష్ట్రానికో పరిమితమైనదే ఎక్కువగా దక్కుతుంది.

ఇది ఎంత ఇరుకో తెలియాలంటే యానాం చూస్తే చాలు. ముప్పై చదరపు కిలోమీటర్ల ఊరు. పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో భాగం. చుట్టూ ఉన్నది మాత్రం ఆంధ్రా నేల. యానాంలో ఒకరి దగ్గర పుదుచ్చేరి ప్రాంతం వరకే చెల్లే లైసెన్సు ఉందనుకుందాం. తుపాకి బాగు చేయించుకోవడానికి పుదుచ్చేరి వెళ్లాలన్నా వందల కిలోమీటర్లు ఆంధ్ర, తమిళనాడుల మీదుగా పోవాలి. రెండు కొసల్లో చెల్లే లైసెన్సు నడిమధ్య దారిలో చెల్లదు. ముందుగా అనుమతి కాగితం చేతిలో లేకుండా బయల్దేరకూడదు.

లైసెన్సు ఎవరికిస్తారు?

దరఖాస్తు పెట్టాల్సింది కాపురమున్న చోటే. అత్తగారి ఊళ్లోనో, పలుకుబడి ఉన్న బంధువు జిల్లాలోనో కాదు. వయసు 21 ఏళ్లు నిండాలి. దౌర్జన్యం కేసుల్లో శిక్షపడిన వారికి ఆ శిక్ష ముగిశాక అయిదేళ్ల వరకు లైసెన్సు రాదు. మంచి ప్రవర్తనకు కోర్టు బాండు తీసుకున్న వారికి ఆ గడువు తీరేదాకా రాదు. మానసిక స్థితి సరిగా లేనివారికి ఇవ్వరు.

ఆన్‌లైన్లో ఫారం ఏ-1 నింపాలి. గుర్తింపు, చిరునామా, వయసు రుజువులతో పాటు డాక్టరు సర్టిఫికెట్ ఉండాలి. తుపాకిని భద్రంగా వాడటంలో శిక్షణ తీసుకున్నట్లు పత్రమూ కావాలి. తర్వాత పోలీసు విచారణ. ఎల్ల దాటి కొత్తగా వచ్చి స్థిరపడిన వారి విషయంలో పాత ఊరి స్టేషను నుంచీ వివరాలు తెప్పించుకుంటారు. కాబట్టి ఆలస్యమవుతుంది. దాని కోసం దళారీని పట్టుకోవాల్సిన పనిలేదు.

పొడవాటి తుపాకికి, పిస్టల్‌కు మధ్య తేడాను చట్టమే పెట్టింది. గొట్టం పొడవు 20 అంగుళాలకు తక్కువ కాని నున్నటి గొట్టపు తుపాకిని రక్షణకో, క్రీడకో అడిగినా, పంట కాపలాకు మందు కూరి పేల్చే తుపాకి అడిగినా, అడ్డుచెప్పే కారణం లేకపోతే లైసెన్సు ఇవ్వాలని చట్టం చెబుతోంది. పిస్టల్‌కు, రివాల్వర్‌కు ఆ వెసులుబాటు లేదు. 'సరైన కారణం ఉంది' అని అధికారికి నమ్మకం కుదరాలి. బెదిరింపులొస్తే పెట్టిన ఫిర్యాదు, పెద్ద మొత్తాల్లో నగదు తరలించే వ్యాపారమైతే దాని రుజువులు చూపాల్సి ఉంటుంది. 'హోదాకు ఓ పిస్టల్' అంటే కుదరదు. ఆస్తి లేదన్న ఒక్క కారణంతో మాత్రం లైసెన్సు నిరాకరించకూడదు. నిరాకరిస్తే మామూలుగా కారణాన్ని రాతపూర్వకంగా నమోదు చేయాలి. అడిగితే దరఖాస్తుదారుకు క్లుప్తంగా తెలపాలి. పై అధికారికి అప్పీలు చేసుకునే హక్కూ ఉంది.

లైసెన్సు వచ్చినా నచ్చిన పిస్టల్ కొనేసే వీల్లేదు. 9 ఎంఎం వంటివి సైన్యం, పోలీసుల కోవలోవి. సామాన్యులకు చిక్కేది ఎక్కువగా పాయింట్ 32 బోరు రివాల్వరో, పిస్టలో. వీటిని ప్రభుత్వ ఆయుధ కర్మాగారాలు తయారు చేసేవి. 2021 అక్టోబరు 1న ఆ కర్మాగారాలను ఏడు కంపెనీలుగా మార్చారు. చిన్న ఆయుధాల తయారీ కాన్పూరు కేంద్రంగా ఉన్న అడ్వాన్స్‌డ్ వెపన్స్ అండ్ ఎక్విప్‌మెంట్ ఇండియా లిమిటెడ్ కిందికి వచ్చింది.

గన్‌హౌస్ గడప తొక్కేముందు..

హోసూరు నుంచి బెంగళూరు నలభై కిలోమీటర్లు. పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నం భోజనానికి ఇంటికి రావచ్చు. హోసూరులో ఉండే వ్యాపారికి తమిళనాడు వరకే చెల్లే లైసెన్సు ఉందనుకుందాం. బెంగళూరు గన్‌హౌస్‌లో పాయింట్ 32 పిస్టల్ నచ్చింది. డబ్బు కట్టి తెచ్చుకోవచ్చా?

నేరుగా కుదరదు. ఆయన లైసెన్సు అత్తిబెలె దాటగానే ఆగిపోతుంది. అక్కడ పిస్టల్ చేతిలోకి తీసుకోవడం, దాన్ని పట్టుకుని తిరిగి ఎల్ల దాటడం రెండూ లైసెన్సు పరిధికి బయట జరిగే పనులే. అందుకని ముందు తన జిల్లా అధికారి దగ్గరికే వెళ్లాలి. ఫలానా ఊళ్లోని ఫలానా దుకాణంలో కొని తెచ్చుకోవడానికి అనుమతి, దారిలో తెచ్చుకోవడానికి రవాణా కాగితం రాయించుకోవాలి. వాటిని, అసలు లైసెన్సును దుకాణదారుకు చూపాలి. దుకాణదారు కూడా లైసెన్సు మీద వ్యాపారం చేసేవాడే. కాగితాలు సరిగా లేకుండా అమ్మితే ఆయన లైసెన్సూ పోతుంది, కేసూ పడుతుంది. 'ముందు తీసుకెళ్లండి, కాగితాలు తర్వాత చూద్దాం' అనే దుకాణం దొరికితే అక్కడి నుంచి వెనక్కి తిరగడమే మేలు.

కొన్నాక పని అయిపోలేదు. ఆయుధం నంబరు, రకం లైసెన్సులో ఎక్కాలి. దాన్ని సొంత జిల్లా అధికారికి చూపించి నమోదు చేయించుకోవాలి. ఏడాదికి ఎన్ని తూటాలు కొనొచ్చో, ఒక్కసారి ఎన్ని దగ్గర పెట్టుకోవచ్చో కూడా లైసెన్సులోనే ఉంటుంది. పక్క రాష్ట్రంలో తూటాలు కొనాలన్నా పరిధి లెక్క మారదు.

అన్నిటికన్నా సులువు మార్గం ఒకటుంది. లైసెన్సు చెల్లే ప్రాంతంలోని దుకాణంలోనే కొనడం. ధరలో వెయ్యో రెండు వేలో తేడా వచ్చినా, రెండు జిల్లాల చుట్టూ తిరిగే ఖర్చుతో పోలిస్తే అది మిగులే.

ఒక్క మనిషి.. ఒక్క నంబరు

ఎల్ల ఊళ్లలో కొందరికి రెండు వైపులా ఇళ్లుంటాయి. ఆంధ్రా-ఒడిశా మధ్య వివాదంలో ఉన్న కొటియా పల్లెల్లాంటి చోట రెండు రాష్ట్రాల కార్డులున్న వాళ్లూ కనిపిస్తారు. అటు ఓ లైసెన్సు, ఇటు ఓ లైసెన్సు తీసుకుంటే పోలేదా అనే ఆలోచన రావచ్చు. అది చెల్లదు. లైసెన్సుదారులందరి వివరాలూ జాతీయ డేటాబేసులోకి ఎక్కాయి. ప్రతి ఒక్కరికీ విశిష్ట గుర్తింపు సంఖ్య ఇస్తున్నారు. ఒక మనిషికి ఒకటే సంఖ్య. ఎన్ని ఆయుధాలున్నా దాని కిందికే రావాలి. ఆ సంఖ్య లేని పాత లైసెన్సు పుస్తకం చెల్లదు. బీరువాలో తాతల నాటి పుస్తకం ఉన్నవాళ్లు ముందు ఇది చూసుకోవాలి.

ఎన్ని ఆయుధాలన్న దానికీ హద్దుంది. పూర్వం మూడు ఉండొచ్చు. 2019 డిసెంబరులో అమల్లోకి వచ్చిన సవరణ దాన్ని రెండుకు తగ్గించింది. మూడోది ఉన్నవాళ్లు ఏడాదిలోగా స్టేషనులోనో, లైసెన్సున్న డీలరు దగ్గరో అప్పగించాలన్నారు. వారసత్వంగా వచ్చినా రెండుకు మించకూడదు. అదే సవరణతో లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి అయిదేళ్లకు పెరిగింది.

జిల్లాలు చీలిన చోట ఇంకో చిక్కుంది. కృష్ణగిరి 2004లో ధర్మపురి నుంచి విడిపోయింది. బళ్లారి నుంచి విజయనగర జిల్లా 2021లో ఏర్పడింది. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న జిల్లాలు 26 అయ్యాయి. హిందూపురం అనంతపురం జిల్లాను వదిలి శ్రీసత్యసాయి జిల్లాలోకి వచ్చింది. పాత జిల్లా పేరుతో ఉన్న లైసెన్సు ఫైలు ఇప్పుడు ఏ కార్యాలయంలో ఉందో రెన్యువల్ నాడు కాదు, ముందే కనుక్కోవాలి.

బావగారి దగ్గర కొంటే?

సరిహద్దు ఊళ్లలో తుపాకుల బేరాలు దుకాణాల్లో కంటే చుట్టాల మధ్యే సాగుతుంటాయి. 'మా బావ దగ్గర రివాల్వర్ ఉంది. వయసు మీద పడింది, ఇచ్చేస్తానంటున్నాడు' అనే మాట కొత్తది కాదు. లైసెన్సున్న మనిషి సొంతానికి వాడుకుంటున్న ఆయుధాన్ని లైసెన్సున్న ఇంకొకరికి అమ్మొచ్చు. దానికో పద్ధతుంది. అమ్మేవాడు తన ఉద్దేశాన్ని, కొనేవాడి పేరు, చిరునామాతో సహా జిల్లా మేజిస్ట్రేటుకో, దగ్గరి పోలీసు స్టేషను అధికారికో రాతపూర్వకంగా తెలపాలి. ఆ తర్వాత 45 రోజులు ఆగాలి. అప్పుడే చేతులు మారాలి. ఇద్దరూ రెండు రాష్ట్రాల వాళ్లయితే అమ్మేవాడి జిల్లా నుంచి అభ్యంతరం లేదన్న కాగితం, కొనేవాడి జిల్లా నుంచి కొనుగోలు, రవాణా అనుమతులు కావాలి.

డబ్బు తీసుకోకుండా ఇస్తే? అదీ ఇదే లెక్క. చట్టంలో 'బదిలీ' అనే మాటకు అర్థం చాలా పెద్దది. అద్దెకివ్వడం, అరువివ్వడం, ఊరికే ఇవ్వడం, చేతి నుంచి వదిలేయడం.. అన్నీ బదిలీలే. పందులు చేలో పడుతున్నాయని బావమరిది అడిగితే ఒక్క రాత్రికి 12 బోరు ఇచ్చి పంపినా ఇద్దరూ చిక్కుల్లో పడతారు. చుట్టరికం కోర్టులో పనికిరాదు.

ఒక్క మినహాయింపుంది. మరమ్మతుకో, లైసెన్సు రెన్యువల్‌కో, యజమాని వాడకానికో ఆయుధాన్ని చేరవేయాల్సి వస్తే లైసెన్సు లేని మనిషి కూడా పట్టుకెళ్లొచ్చు. అయితే యజమాని పక్కనే ఉండాలి. లేదంటే ఆయన రాసిచ్చిన అధికార పత్రం చేతిలో ఉండాలి. కాలు కదపలేని పెద్దాయన కొడుకుతో తుపాకి పంపేటప్పుడు ఈ కాగితం మరవకూడదు.

తాత పోయాక అటక మీద..

ఎక్కువ కుటుంబాలు ఇరుక్కునేది ఇక్కడే. ఇంటి పెద్ద చనిపోతాడు. దినాలు, పంపకాలు, భూముల మ్యుటేషన్ అన్నీ జరుగుతాయి. అటక మీది తుపాకి ఎవరికీ గుర్తుండదు. ఏడాదో రెండేళ్లో గడిచాక ఏ పెయింటు పనికో అటక దించితే బయటపడుతుంది. లైసెన్సు మనిషితోనే పోయింది. ఆ రోజు నుంచి ఆ తుపాకి ఇంట్లో ఉండటమే నేరం.

లైసెన్సుదారు చనిపోతే వారసులు అనవసర జాప్యం లేకుండా ఆయుధాన్ని, తూటాలను దగ్గరి పోలీసు స్టేషనులోనో, లైసెన్సున్న డీలరు దగ్గరో అప్పగించి రసీదు తీసుకోవాలి. అలా అప్పగించినంత మాత్రాన తుపాకి పోయినట్టు కాదు. వారసుల్లో ఒకరు తమ పేరిట లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. మిగతా వారసుల నుంచి అభ్యంతరం లేదన్న పత్రాలు జతచేయాలి. వద్దనుకుంటే అర్హులకు అమ్ముకోవచ్చు. గడువులోగా ఏదీ చేయకపోతే ప్రభుత్వపరం అవుతుంది.

కొడుకు బెంగళూరులోనో, భివండీలోనో ఉండి, తండ్రి ఇల్లు చిత్తూరు జిల్లాలోనో, కరీంనగర్ జిల్లాలోనో ఉంటే ఇంకో మెలిక. కొడుకు లైసెన్సు అడగాల్సింది తాను ఉంటున్న చోట. తుపాకి ఉన్నది తండ్రి ఊరి స్టేషనులో. లైసెన్సు వచ్చి, తెచ్చుకోవడానికి అనుమతి చేతికొచ్చేదాకా అది అక్కడే ఉండాలి. కర్మకాండలు అవగానే జ్ఞాపకంగా ఉంటుందని కారు డిక్కీలో వేసుకుని పోవడమే చాలామంది చేసే పొరపాటు.

ఇంత తతంగం వద్దనుకుంటే పెద్దాయన బతికుండగానే చేసే పనుంది. లైసెన్సుదారుకు 70 ఏళ్లు నిండినా, ఆయుధం తీసుకుని 25 ఏళ్లు గడిచినా.. ఏది ముందయితే అప్పుడు.. వారసుడి పేరిట లైసెన్సుకు అడగొచ్చు. సంతకం పెట్టే చెయ్యి ఉండగానే పని జరిగిపోతుంది.

ఇల్లు మారితే..

ఉద్యోగమో, వ్యాపారమో చూసుకుని ఎల్ల దాటి కాపురం మార్చేవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సిన అంకె 30. ఆయుధాన్ని వెంట తీసుకుని 30 రోజులకు మించి వేరే చోట ఉంటే, మారిన 30 రోజుల్లోగా కొత్త చోటి అధికారికీ, లైసెన్సు ఇచ్చిన పాత అధికారికీ ఇద్దరికీ తెలపాలి. ఇది చెల్లుబాటు పరిధి ఉన్నవాళ్లకు సంబంధించిన మాట. పరిధి పాత రాష్ట్రం వరకే అయితే ఆయుధం ముందుగా కదలకూడదు. పాత జిల్లాలో పరిధి పెంపుకో, రవాణాకో అనుమతి అడగాలి. ఈలోగా డీలరు దగ్గర భద్రపరిస్తే నిశ్చింత.

పందుల బెడద.. నాటు తుపాకుల ముప్పు

ఎల్ల వెంట ఊళ్లు చాలావరకు అడవుల అంచునే ఉన్నాయి. కుప్పం, పలమనేరుల పక్కన కౌండిన్య అభయారణ్యం. హోసూరు దిక్కున 2014లో ప్రకటించిన కావేరి ఉత్తర అభయారణ్యం. బళ్లారి వైపు దరోజి ఎలుగుబంట్ల అభయారణ్యం. సిరోంచకు ఎదురుగా ప్రాణహిత. పందులు, ఏనుగులు చేలమీద పడి ఏడాది కష్టాన్ని ఒక్క రాత్రిలో తొక్కేస్తుంటే రైతు తుపాకి అడగడంలో తప్పులేదు. కానీ ఇక్కడ రెండో చట్టం అడ్డొస్తుంది. 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం అభయారణ్యానికి పది కిలోమీటర్ల లోపు కొత్త లైసెన్సు ఇవ్వాలంటే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ సమ్మతి ముందుగా కావాలి. అడవి ఒక రాష్ట్రంలో, ఊరు మరో రాష్ట్రంలో ఉన్నప్పుడు ఈ ఫైలు ఎంత నెమ్మదిగా నడుస్తుందో చెప్పనక్కర్లేదు.

తుపాకి లైసెన్సు ఉన్నంత మాత్రాన అడవి పందిని కాల్చే హక్కు రాదు. దానికి అటవీ శాఖ అనుమతి వేరే ఉండాలి. ఎగువన కాల్చి, పడిన జంతువును ఎల్ల దాటించారంటే రెండు రాష్ట్రాల అటవీ శాఖలూ వెంటపడతాయి.

లైసెన్సు తేలేక నాటు తుపాకి పట్టేవారి సంగతి ఇంకా ప్రమాదం. ఒడిశా ఎల్ల వెంట ఏజెన్సీ పల్లెల్లోనూ, గడ్చిరోలి అంచుల్లోనూ మందు కూరి పేల్చే నాటు తుపాకి కొత్త వస్తువేం కాదు. వేటకని పెట్టుకున్నా అది లైసెన్సు లేని ఆయుధమే. గొట్టం పేలి చేతులు పోవడం, పొదల్లో కదిలింది జంతువనుకుని కాలిస్తే మనిషి పడటం.. దాని వెనకున్న చావులివి.

ఎయిర్‌గన్ మాటేమిటని కొందరు అడుగుతారు. పాయింట్ 177 బోరుకు, 20 జౌళ్ల శక్తికి మించని ఎయిర్‌గన్‌కు లైసెన్సు అక్కర్లేదు. అంతకు మించితే కావాలి.

'రెండు నెలల్లో తెచ్చిస్తాం'..

ఊళ్లో లైసెన్సు రాదనుకున్న వాళ్ల దగ్గరికి దళారులు చేరతారు. ఎక్కడో దూర రాష్ట్రంలో చిరునామా చూపించి, దేశమంతా చెల్లే లైసెన్సు తెచ్చిస్తామంటారు. ఆ మాట నమ్మిన వాళ్ల గతి తెలియాలంటే జమ్మూ కశ్మీర్ ఉదంతం చాలు. 2012-16 మధ్య అక్కడ రెండున్నర లక్షలకు పైగా లైసెన్సులు ఇచ్చారని, వాటిలో స్థానికేతరులకు అక్రమంగా ఇచ్చినవి ఉన్నాయని వచ్చిన ఆరోపణలపై సీబీఐ దర్యాప్తు చేపట్టింది. రాజస్థాన్ పోలీసులు 2017లో పట్టిన తీగతో ఆ డొంక కదిలింది.

సెక్యూరిటీ గార్డు ఉద్యోగాల కోసం తిరిగే మాజీ సైనికులు, యువకులు ఇందులో ఎక్కువ నష్టపోతారు. కాపురం లేని చోట పుట్టిన లైసెన్సు ఎప్పటికైనా పట్టుబడుతుంది. పట్టుబడ్డ రోజున చేతిలో ఉన్నది లైసెన్సు లేని తుపాకే. దళారి ఫోను అప్పటికి మోగదు.

ఎన్నికలొస్తే..

ఎన్నికల ప్రకటన వెలువడగానే జిల్లాల్లో కమిటీలు లైసెన్సులు పరిశీలించి, అవసరమనుకున్న వారి ఆయుధాలు స్టేషనులో పెట్టమంటాయి. ఎల్ల ఊళ్లకు ఇది రెండుసార్లు తగులుతుంది. తమ రాష్ట్రంలో ఎన్నికలు లేకున్నా, పక్క రాష్ట్రంలో ఉంటే చెక్‌పోస్టుల్లో వాహనాలు దులిపేస్తారు. 2023 మేలో కర్ణాటక అసెంబ్లీకి, 2024 మేలో లోక్‌సభతో పాటు ఆంధ్రప్రదేశ్, ఒడిశా అసెంబ్లీలకు ఎన్నికలు జరిగాయి. అలాంటి నెలల్లో అనుమతి ఉన్నా ఆయుధంతో ప్రయాణం వాయిదా వేసుకోవడం నయం. డిపాజిట్ చేస్తే రసీదు దాచుకోవాలి. అది చూపితేనే తిరిగిస్తారు.

పట్టుబడితే ఎంత?

* లైసెన్సు లేకుండా ఆయుధం ఉంచుకుంటే కనీసం రెండేళ్లు, గరిష్ఠంగా అయిదేళ్ల జైలు, జరిమానా. 2019కి ముందు ఇది ఒకటి నుంచి మూడేళ్లు.
* నిషేధిత రకం ఆయుధమైతే ఏడు నుంచి పద్నాలుగేళ్లు.
* లైసెన్సు లేకుండా తయారీ, అమ్మకం చేస్తే ఏడేళ్ల నుంచి యావజ్జీవం దాకా.
* లైసెన్సు షరతు మీరితే ఆరు నెలల వరకు జైలు, లేదా రెండు వేల వరకు జరిమానా, లేదా రెండూ. దానికి తోడు లైసెన్సు రద్దు కావచ్చు.
* పెళ్లి ఊరేగింపులో సరదాకు గాల్లోకి కాల్చి ఎదుటివారి ప్రాణాలకు ముప్పు తెస్తే రెండేళ్ల వరకు జైలు, లేదా లక్ష వరకు జరిమానా, లేదా రెండూ. తుపాకికి లైసెన్సు ఉన్నా ఇదే శిక్ష.

పిల్లలు అమెరికాలో ఉంటే..

'అక్కడ కూరగాయల్లా కొంటారట కదా' అనుకునే తల్లిదండ్రులూ తెలుసుకోవాల్సిన మాట ఒకటుంది. రాష్ట్రాల ఎల్ల అమెరికాలోనూ అడ్డమే. అక్కడి 1968 నాటి తుపాకుల నియంత్రణ చట్టం ప్రకారం ఒక రాష్ట్రంలో ఉండేవారు మరో రాష్ట్రంలో పిస్టల్ కొని నేరుగా ఇంటికి తెచ్చుకోకూడదు. ఆ దుకాణం దాన్ని కొనేవారి సొంత రాష్ట్రంలోని లైసెన్సు డీలరుకు పంపాలి. ఫారం నింపి, నేరచరిత్ర పరిశీలన దాటాక అక్కడ తీసుకోవాలి. పొడవాటి తుపాకులను మాత్రం రెండు రాష్ట్రాల చట్టాలకూ లోబడి డీలరు దగ్గర కొనే వీలుంది. డీలరు దగ్గర పిస్టల్ కొనడానికి అక్కడా 21 ఏళ్లు నిండాలి. ముఖ్యంగా చదువు వీసా, హెచ్-1బీ వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారు తుపాకి కొనడం, దగ్గర ఉంచుకోవడం మామూలుగా నిషేధం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులే ఉన్నాయి. స్నేహితుడి తుపాకి గదిలో ఉంచుకున్నా కేసుతో పాటు వీసాకూ ఎసరే.

ఈ వారం చేయాల్సినవి

లైసెన్సు పుస్తకం తీసి నాలుగు విషయాలు చూసుకోవాలి. చెల్లే ప్రాంతం ఏది? గడువు ఎప్పటిదాకా? గుర్తింపు సంఖ్య ఉందా? చిరునామా ఇప్పుడున్నదేనా? నాలుగింటిలో ఏది తేడాగా ఉన్నా ఆయుధాన్ని ఇంటి నుంచి కదపకుండా ముందు జిల్లా కార్యాలయంలో అడగాలి. ఏ కాగితం ఇచ్చినా దాని నకలు మీద తేదీ, ముద్ర వేయించుకోవాలి. ఎల్ల అటువైపు పోలీసుకు తెలుగు రాకపోవచ్చు, ఇటువైపు గుమస్తాకు కన్నడమో, తమిళమో, ఒడియానో రాకపోవచ్చు. ముద్ర ఉన్న కాగితం మాత్రం రెండు వైపులా చదవగలరు.

ఇంట్లో చనిపోయిన వారి తుపాకి ఇంకా ఉంటే మాత్రం ఈ వారం దాకా కూడా ఆగొద్దు. ఓ వకీలును అడిగో, ఊరి పెద్దను వెంట తీసుకునో రేపు పొద్దున్నే స్టేషనుకు కబురు చేయడం మంచిది. తాత జ్ఞాపకానికి గోడ మీద ఆయన ఫొటో చాలు.